సూర్యానికి, ముందు నీ మెయిల్ సంగతి

ప్రియమైన సూర్యం,

నీ మెయిల్ అందింది. అబ్బాయి డల్లాస్ వెళ్తూ తన ల్యాప్‌టాప్ నీకు వదిలి వెళ్లడం మంచి పనైంది. పెన్షన్ కాగితాలకీ, కరెంటు బిల్లులకీ ఇక నెట్ సెంటర్ల చుట్టూ తిరిగే పని ఉండదు. నువ్వు చాలా అడిగావు గానీ చివర్లో ఊరికే అన్నట్టు రాసిన ముక్కే నాకు టెన్షన్ పెట్టింది. అందుకే దాంతోనే మొదలుపెడతాను.

ఇన్‌కమ్ ట్యాక్స్ రిఫండ్ వచ్చిందని, 24 గంటల్లో లింకు నొక్కి కార్డు వివరాలు ఇవ్వాలని వచ్చిన మెయిల్ నాకు ఫార్వర్డ్ చేశావు కదా. అది దొంగ మెయిల్. నొక్కకుండా ఆగి నన్ను అడిగావు, చాలా సంతోషం. పంపినవాళ్ల పేరు దగ్గర ‘ఇన్‌కమ్ ట్యాక్స్ డిపార్ట్‌మెంట్’ అనే ఉంది. ఆ పేరు ఎవడైనా పెట్టుకోవచ్చు. దాని కిందే చిన్న బాణం గుర్తు ఉంటుంది, నొక్కి చూడు. అసలు అడ్రస్ బయటపడుతుంది. అందులో @ తర్వాత ఉన్నది ఏదో బట్టల కొట్టు పేరు. మన ప్రభుత్వ శాఖల అడ్రసులు ఎక్కువగా గవ్ డాట్ ఇన్ (gov.in) తో ముగుస్తాయి. అడ్రస్ సరిగ్గా కనపడినా అంతటితో నమ్మేయకు, దాన్ని కూడా మార్చి పంపేవాళ్లున్నారు. మౌస్ బాణాన్ని లింకు మీద ఉంచు, నొక్కకు. స్క్రీన్ కింద ఎడమ మూలన ఆ లింకు నిజంగా ఎక్కడికి తీసుకెళ్తుందో కనిపిస్తుంది. మొదట్లో జంటగా ఉండే రెండు ఏటవాలు గీతలు (//) దాటాక, తర్వాత వచ్చే ఒంటి గీతకి (/) సరిగ్గా ముందు ఏ పేరుందో అదే అసలు యజమాని. ముందు భాగంలో బ్యాంకు పేరు, ప్రభుత్వం పేరు ఎన్ని ఇరికించినా లెక్కలోకి రావు.

బ్యాంకుల విషయంలో ఈ మధ్య ఒక మేలు జరిగింది. రిజర్వ్ బ్యాంకు 2025 అక్టోబర్ 31 లోగా బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్లను బ్యాంక్ డాట్ ఇన్ (bank.in) తో ముగిసే అడ్రసులకి మార్చుకోవాలని చెప్పింది. అలాంటి అడ్రస్ రిజిస్టరైన బ్యాంకులకే ఇస్తారు. నీ బ్యాంకు అడ్రస్ చివర ఆ రెండు ముక్కలూ ఉన్నాయో లేదో చూసుకో. ఏది ఏమైనా మెయిల్‌లో వచ్చిన లింకు మీదుగా బ్యాంకుకి వెళ్లొద్దు. అడ్రస్ నువ్వే టైప్ చెయ్యి. రిఫండ్ సంగతికొస్తే, రావాల్సి ఉంటే అది ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో నువ్వు ధ్రువీకరించిన బ్యాంకు ఖాతాలో నేరుగా పడుతుంది. కార్డు నంబరుతో దానికి పనే లేదు.

ఇప్పుడు అసలు సంగతి. నీ మెయిల్ ఐడీ ఇంటి తాళాల గుత్తి లాంటిది సూర్యం. చాలా చోట్ల ‘పాస్‌వర్డ్ మర్చిపోయారా’ అని నొక్కితే కొత్తది పెట్టుకునే లింకు మెయిల్‌కే వస్తుంది. మెయిల్ ఎవడి చేతిలో పడితే మిగతావన్నీ ఒకటొకటిగా వాడివే. మీ అల్లుడు ఐడీ తెరిచినప్పుడు రికవరీ నంబరుగా, అంటే పాస్‌వర్డ్ మర్చిపోతే కోడ్ వచ్చే నంబరుగా, నీ పాత సిమ్ నంబరు ఇచ్చాడని రాశావు. ఆ సిమ్ ఆగిపోయి ఏళ్లయింది. మన దేశంలో ఆగిపోయిన నంబరును 90 రోజుల తర్వాత ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. అంటే నీ మెయిల్ కోడ్ వెళ్లే నంబరు ఈపాటికి ముక్కూమొహం తెలియని మనిషి జేబులో ఉండొచ్చు. ముందు అది మార్చు. గూగుల్ ఖాతా సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అనే చోట ఉంటుంది. అక్కడే టూ స్టెప్ వెరిఫికేషన్ కూడా పెట్టెయ్యి, అంటే పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లో ఇంకో ధ్రువీకరణ కూడా అడుగుతుంది. ఫోన్ పోయినా లోపలికి వెళ్లడానికి పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది. వాటిని ప్రింట్ తీసి బీరువాలో ఎల్‌ఐసీ బాండ్ల కవర్లో పెట్టి, ఎక్కడుందో చెల్లెమ్మకి కూడా చెప్పు.

పాస్‌వర్డ్‌గా మనవడి పేరు, పుట్టిన ఏడాది పెట్టావేమో, తీసెయ్యి. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాసుకో. పొడుగ్గా ఉంటుంది, గుర్తూ ఉంటుంది. మెయిల్‌కి పెట్టింది ఇంకెక్కడా పెట్టకు. ఇంట్లో పుస్తకంలో రాసుకోవడం తప్పేమీ కాదు, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవద్దు, అంతే.

మెయిల్ నిండిపోయిందన్నావు. ఉచితంగా ఇచ్చే 15 జీబీలో మెయిళ్లు, డ్రైవ్, ఫొటోలు అన్నీ కలిపే లెక్క. వెతికే పెట్టె పక్కనున్న గుర్తు నొక్కితే సైజు అడుగుతుంది. పది ఎంబీ కంటే పెద్దవి చూపించమను. పెళ్లి వీడియోలు, స్కాన్ చేసిన దస్తావేజులు బయటపడతాయి. కావలసినవి హార్డ్ డిస్క్‌లో దాచి మిగతావి తీసెయ్యి. ట్రాష్ కూడా ఖాళీ చేస్తేనే చోటు వెంటనే వస్తుంది, లేకపోతే 30 రోజులు అందులోనే ఉంటాయి.

ల్యాప్‌టాప్‌లో ఉన్నది విండోస్ 10 అయితే దానికి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్‌లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. మిషన్ సరిపోతే 11కి మారడం ఉచితమే. సరిపోతుందో లేదో అప్‌డేట్ పేజీలోనే చెప్తుంది. యాంటీవైరస్ కొనక్కర్లేదు, విండోస్‌తో వచ్చేది నీకు చాలు.

ఒకటి మాత్రం బాగా గుర్తుపెట్టుకో. ఏదో పేజీ చూస్తుండగా స్క్రీన్ అంతా ఎర్రగా మారి, మోత మోగుతూ ‘మీ కంప్యూటర్‌లో వైరస్, ఈ నంబరుకి ఫోన్ చేయండి’ అని రావచ్చు. మైక్రోసాఫ్ట్ వాళ్ల హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండనే ఉండదు. మా కాలనీలో ఒక పెద్దాయన ఫోన్ చేశారు. వాళ్లు చెప్పిన యాప్ వేసుకుంటే ఆయన స్క్రీన్ వాళ్ల చేతికి వెళ్లిపోయింది, ఖాతాలో డబ్బూ పోయింది. పాపం, నెల రోజులు ఎవరికీ చెప్పుకోలేకపోయారు. ఆయన సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, సిగ్గుపడాల్సింది ఆ దొంగలు. నీకు అలాంటిది కనిపిస్తే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు. టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో బ్రౌజర్‌ని ఎంచి ఎండ్ టాస్క్ నొక్కు. మోత ఆగిపోతుంది. డబ్బు పోయిందనిపిస్తే ఆ నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపడానికి అంత వీలుంటుంది. ‘డిజిటల్ అరెస్ట్’ అని, నిన్ను ఫోన్‌లోనే అరెస్ట్ చేశామని బెదిరిస్తూ వీడియో కాల్‌లో పోలీసు డ్రెస్సు కనిపిస్తే కట్ చేసెయ్యి. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు.

రిటైర్డ్ టీచర్ల మీటింగ్ నోటీసు అందరికీ పంపుతున్నావు కదా, అడ్రసులన్నీ బీసీసీ అనే గడిలో పెట్టు, అక్కడ పెడితే ఎవరి అడ్రస్ ఇంకొకరికి కనపడదు. అరవై మంది అడ్రసులు అరవై మందికీ పంచడం దేనికి?

ఇక తెలుగు. విండోస్ సెట్టింగ్స్‌లో తెలుగు భాష చేర్చి ఫొనెటిక్ కీబోర్డు పెట్టుకుంటే, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టింది తెలుగులో పడుతుంది. విండోస్ బటన్, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. నీ చేతిరాత ఎంత బాగుండేదో నాకు తెలుసు, నీ తెలుగు ఇంగ్లీషు అక్షరాల్లో చదవాలంటే నాకు ప్రాణం ఒప్పుకోవడం లేదు.

ఆదివారం పొద్దున పదింటికి ఫోన్ చేస్తాను. ల్యాప్‌టాప్ తెరిచి, కొత్త సిమ్ ఉన్న ఫోన్ చేతిలో పెట్టుకుని కూర్చో. రికవరీ నంబరు ఇద్దరం కలిసి మార్చేద్దాం. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
రాఘవ