ఆర్గనాయిడ్ ల్యాబ్ కన్నా ముందు ఐసు పెట్టె కావాలి

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. క్లోమగ్రంథి క్యాన్సర్ కణితి నుంచి తీసిన కణాలను జెల్‌లో పెంచితే చిన్న బుడగల్లాంటి ఆర్గనాయిడ్లు తయారవుతాయి. వాటి మీద మందులు పరీక్షించే దారిని 2015లో టువెసన్, క్లెవర్స్ అనే శాస్త్రవేత్తల బృందాలు చూపించాయి. కొత్త మందుల పరీక్షల్లో ఆర్గనాయిడ్లకు మన దేశ నిబంధనలు 2023 సవరణతో చోటిచ్చాయి. సీసీఎంబీ పరిశోధన సంస్థ, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్ ఆసుపత్రి మూడూ హైదరాబాద్‌లోనే ఉన్నాయి కాబట్టి ఇక్కడొక ల్యాబ్ కడదామన్న ప్రతిపాదన మీ ముందుకు రావడం సహజం. దయచేసి భవనంతో మొదలుపెట్టకండి.

ఈ పని ఎక్కువగా చెడిపోయేది ఎండోస్కోపీ గదిలోనే. సూదితో తీసిన ముక్కను అలవాటు కొద్దీ ఫార్మలిన్ (కణజాలాన్ని చెడిపోకుండా ఉంచే రసాయనం) సీసాలో వేస్తారు. రోగనిర్ధారణ చేసే పాథాలజీకి అదే సరైన పద్ధతి. కణాలు బతికి ఉండాల్సిన మాకు మాత్రం ఆ క్షణమే కణాలు చచ్చినట్టు. అందుకే రోగి సంతకం, ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, రోగనిర్ధారణకు సరిపడా ముక్క దక్కాక, ఇంకొక్కసారి సూది వేసి ఆ ముక్కను యాంటీబయాటిక్ కలిపిన చల్లని కల్చర్ మీడియంలో (కణాలకు పోషణనిచ్చే ద్రవంలో) వేయాలి. అది ఐసు మీద అదే రోజు ల్యాబ్‌కు చేరాలి. గడ్డకడితే కణాలు పగిలిపోతాయి కాబట్టి ఫ్రీజర్‌లో పెట్టకూడదు.

ల్యాబ్‌లో కణాలు పెంచే జెల్ అయిన మేట్రిజెల్‌ను రాత్రంతా 4 డిగ్రీల దగ్గర కరిగిస్తారు. బల్ల మీద వదిలేస్తే వెచ్చదనానికి గొట్టంలోనే గట్టిపడుతుంది. దాంతో కలిపిన కణాలను వెచ్చటి ప్లేట్‌లో 50 మైక్రోలీటర్ల చుక్కలుగా వేసి, 37 డిగ్రీల దగ్గర గట్టిపడ్డాకే మీడియం పోస్తారు. ఆ మీడియంలో ఆర్-స్పాండిన్, నాగిన్, డబ్ల్యూఎన్‌టీ అనే పెరుగుదల ప్రోటీన్లు ఉండాలి. ఇవీ, జెల్లూ లాట్‌కు (ఒకసారి తయారైన సరుకుకు) ఒక తీరుగా ప్రవర్తిస్తాయి. కాబట్టి అతి తక్కువ ధర చెప్పినవారికే ఇచ్చే ఎల్-1 టెండరు ఇక్కడ పనికిరాదు. పరీక్షించి నచ్చిన లాట్‌నే ఏడాదికి సరిపడా కొననివ్వాలి.

బుడగలు పెరిగినంత మాత్రాన అవి క్యాన్సర్ కణాలవేనని నమ్మలేం. క్లోమగ్రంథిలోని మామూలు నాళాల కణాలు కూడా చక్కగా పెరుగుతాయి, ఒక్కోసారి వాటిదే పైచేయి అవుతుంది. ఈ క్యాన్సర్లలో దాదాపు 90 శాతం వాటిలో కేరాస్ అనే జన్యువులో మార్పు ఉంటుంది కనుక, మందులు వేసే ముందు దాన్ని చూసి తీరాలి. ఇరినోటెకాన్ అనే కీమో మందును నేరుగా వేయడం ఇంకో పొరపాటు. అది ప్రధానంగా కాలేయంలో మారాకే పనిచేస్తుంది. ప్లేట్‌లో అలా మారిన ఎస్ఎన్-38 రూపంలోనే వేయాలి. ఇక ఈ బుడగల్లో రోగనిరోధక కణాలు ఉండవు, కాబట్టి ఆ కణాలతో క్యాన్సర్‌ను ఎదుర్కొనే ఇమ్యూనోథెరపీ గురించి ఇవి ఏమీ చెప్పలేవు.

అన్నీ కుదిరినా ఫలితానికి వారాలు పడుతుంది, నెల దాటడం మామూలే. కొన్ని నమూనాలు అసలు పెరగవు. అంతవరకు మొదటి కీమో ఆపకూడదు. ఫలితం ఉపయోగపడితే రెండో విడత మందు ఎంచుకోవడానికే, అదీ ఇంకా ట్రయల్స్‌లో తేలాల్సిన సంగతి. ఈలోగా దీన్ని చికిత్సగా చూపించి ఏ ల్యాబ్ కూడా రోగుల దగ్గర డబ్బు తీసుకోకుండా ఉత్తర్వు ఇవ్వండి. దాంతోపాటే ప్రభుత్వ ఎండోస్కోపీ గదులకు మీడియం గొట్టాలు, ఐసు పెట్టె, నమూనా తీసుకెళ్లడానికి ఒక మనిషిని మంజూరు చేయండి.

ఇట్లు,
క్యాన్సర్ కణాలు పెంచే పనిలో ఉన్న కొందరం