సాఫ్ట్‌వేర్ చూసి కంప్యూటర్ కొనండి

ఎడిటర్ గారికి,

ఇంజనీరింగ్ పిల్లలకి కంప్యూటర్ కొందామని బెజవాడ షాపుల చుట్టూ తిరిగే తల్లిదండ్రులు ధరకంటే ముందు, దాంట్లో ఏ సాఫ్ట్‌వేర్ నడపాలో పిల్లల్ని అడగండి. డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్లలో సాలిడ్‌వర్క్స్, రెవిట్ విండోస్‌ కోసమే చేసినవి, ఆటోక్యాడ్‌కైతే మ్యాక్ వెర్షన్ కూడా ఉంది. విండోస్ బదులు లినక్సే కావాలంటే ఫ్రీక్యాడ్ ఉంది, పైగా ఉచితం. మొన్న ఓ షాపులో మా అబ్బాయికి రంగురంగుల లైట్లు మెరిసే డబ్బా, ప్రాసెసర్‌లో పదహారు కోర్లు (ఒకేసారి పనిచేసే భాగాలు) అంటూ అంటగట్టబోయారు. పార్ట్ మోడలింగ్‌లో (ఒక్కో విడిభాగాన్ని త్రీడీలో గీయడంలో) బరువంతా దాదాపు ఒక్క కోర్ మీదే పడుతుంది, కాబట్టి కోర్ల లెక్క కన్నా క్లాక్ స్పీడ్ (ఒక్కో కోర్ పనిచేసే వేగం) ముఖ్యం. రెండరింగ్ (డిజైన్‌ని ఫొటోలా చూపే బొమ్మ తయారీ), సిమ్యులేషన్ (డిజైన్‌ని కంప్యూటర్లోనే పరీక్షించడం) చేసేవాళ్ల సంగతి వేరు, వాళ్లకి ఎక్కువ కోర్లు పనికొస్తాయి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, అది ఎక్కించిన పాత సరుకు చవగ్గా ఇస్తామంటే, విండోస్ 11కి మారుతుందో లేదో కౌంటర్ దగ్గరే చూపించమనండి.

– ఓ డిజైన్ ఇంజనీరు, ఆటోనగర్, విజయవాడ