ట్యాబ్ కొనే ముందు

ఒరేయ్ శీనూ,

నోటిమాట రాని మీ పాప చిన్నికి, బొమ్మ నొక్కితే మాట పలికే ట్యాబ్ ఏది కొనాలో తేలక నువ్వూ చెల్లెమ్మా రోజూ వాదించుకుంటున్నారటగా! డబ్బు తర్వాత తియ్యొచ్చు. ముందు ఒక అట్ట తీసుకోండి.

నిజంగా అట్టేరా. అమ్మ, నీళ్లు, ఇంకా, నొప్పి, వద్దు. ఇలా కొన్ని బొమ్మలు అంటిస్తే చాలు. "వద్దు" మాత్రం మర్చిపోకు. మా దగ్గరికొచ్చే పిల్లల అట్టల మీద అన్నం, బాత్రూమ్ ఉంటాయి గానీ అది ఉండదు. పిల్లలు ఎదురు చెప్తే మనకి గిట్టదు కదా! చిన్నికి వేలు పెట్టడం కుదరకపోతే కళ్లతో చూపిస్తుంది. పారదర్శకమైన ప్లాస్టిక్ పలక అంచుల వెంట బొమ్మలు అంటించి, అవతలి నుంచి దాని చూపు ఎక్కడ ఆగుతుందో గమనించు.

అయితే బొమ్మలు ముందు పెట్టి "అది చూపించు, ఇది చూపించు" అని పరీక్ష పెట్టకు. "అమ్మ వచ్చింది" అంటూ మీరే అమ్మ బొమ్మ మీద వేలు పెట్టాలి. పూటపూటా, తోచినప్పుడల్లా. మాటలొచ్చే పిల్లలు మాత్రం ఎన్నాళ్లు విని విని నోరు విప్పుతారు? ఏదైనా అడిగాక నోరు మూసుకుని ఆగు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు పట్టు తప్పే స్థితి) ఉన్న పిల్లలకి జవాబు మనసులో ఎప్పుడో తయారైపోయినా, ఒళ్లు కదిలి రావడానికి టైమ్ పడుతుంది. ఈలోగా మనమే జవాబు చెప్పేస్తాం, నాకదే ఒళ్లుమంట. బొమ్మల చోటు కూడా ఊరికే మార్చకు.

యంత్రం ఇస్తే ఇక నోట మాట రాదేమో అని అమ్మ భయపడుతోందా? దానివల్ల మాట ఆగిపోదని పరిశోధనలు చెప్తున్నాయి, ధైర్యం చెప్పు.

ట్యాబ్ సంగతికొస్తే, ఆవాజ్ అనే యాప్ మా చెన్నైలో పుట్టిందే. అజిత్ నారాయణన్ దాన్ని ఇక్కడి విద్యాసాగర్ సంస్థ పిల్లలతో కలిసి పనిచేస్తూ తయారుచేశాడు. ఏ బొమ్మల యాప్‌లోనైనా "నేను", "ఆకలి" నొక్కితే "నేను ఆకలి" అనే వినిపించవచ్చు. దిద్దకు, అన్నం పెట్టు. విభక్తులు తర్వాత చూసుకుందాం.

ఇక్కడ ఒక బళ్లో మన తెలుగు పిల్లాడికి ట్యాబ్ ఇచ్చి, పాడైపోతుందని బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళం హెడ్మాస్టర్ దగ్గర. అంటే వాడు మాట్లాడాలంటే ఆయన బడికి రావాలన్నమాట! పైగా అది పలికేది తమిళం, ఇంట్లో నాయనమ్మకి తెలుగు తప్ప రాదు. అందుకే ఏది కొన్నా ముందు తెలుగు గొంతు విని చూడు. మొత్తం మాటలన్నీ బడి భాషలోనే పెట్టించకు.

మీ ఊరి బడివాళ్లు "ప్రత్యేక బడి చూసుకోండి" అన్నారని రాశావు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం గుర్తింపు ఉన్న బళ్లు వివక్ష లేకుండా చేర్చుకోవాలి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. దగ్గర్లోని బడా, ప్రత్యేక బడా అన్నది మీ ఇష్టం, వాళ్లది కాదు. నోటిమాటగా కాదు, కాదన్న కారణం కాగితం మీద రాసివ్వమని అడుగు.

వేసవిలో వచ్చెయ్యండి. మెరీనాలో ఇసుక మీదుగా వీల్‌చైర్ వెళ్లేలా 2022 నవంబర్‌లో దారి వేశారు. మరుసటి నెలలోనే మాండూస్ తుపాను దెబ్బకి విరిగింది, మళ్లీ బాగుచేశారులే. చిన్నిని అక్కడ తిప్పి, మర్నాడు ముట్టుకాడులో బహుళ వైకల్యాలున్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థకి తీసుకెళ్దాం. చూపు, చెయ్యి, కూర్చునే తీరు అన్నీ వాళ్లు చూశాకే ట్యాబ్ మాట. పాత వైద్యం కాగితాలు, యూడీఐడీ (వైకల్య గుర్తింపు) కార్డు మర్చిపోకుండా తీసుకురా.

నీ
రాజా
పెరంబూరు, చెన్నై