వెండర్స్ సినిమాలు మిగిలాయి, మరి మనవి?

సంపాదకుడు గారికి నమస్కారం.

జర్మన్ దర్శకుడు విమ్ వెండర్స్‌కు 2025 ఆగస్టు 14న 80 ఏళ్లు నిండిన సందర్భంగా మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. తెలుగు పత్రికలో ఆయనకు పేజీ నిండా చోటు దొరకడం సంతోషం. అయితే ముందు ఒక చిన్న సవరణ. ఆయన ఆస్కార్ గెలిచారని రాశారు. గెలవలేదు. క్యూబా సంగీతకారుల మీద తీసిన ‘బ్యూనా విస్టా సోషల్ క్లబ్’, జర్మన్ నృత్యకారిణి పినా బౌష్ నృత్యాల మీద త్రీడీలో తీసిన ‘పినా’, ఒక ఫొటోగ్రాఫర్ జీవితం మీద తీసిన ‘ది సాల్ట్ ఆఫ్ ది ఎర్త్’, ఈ మూడు డాక్యుమెంటరీలూ నామినేషన్ దాకా వెళ్లి ఆగాయి. జపాన్ తరఫున పోటీకి వెళ్లిన ‘పర్ఫెక్ట్ డేస్’ సంగతీ అంతే. 1982లో వెనిస్ చిత్రోత్సవంలో గోల్డెన్ లయన్, 1984లో ‘పారిస్, టెక్సాస్’కు కాన్ చిత్రోత్సవంలో అగ్ర బహుమతి పామ్ డోర్, 1987లో అక్కడే ఉత్తమ దర్శకుడు. ఇన్ని ఉండగా లేనిది ఒకటి తగిలించడం ఎందుకు?

నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం వేరు. బహుమతులన్నీ లెక్కపెట్టిన మీ వ్యాసకర్త, ఆ పెద్దాయన 2012 నుంచి చేస్తున్న అతి ముఖ్యమైన పనిని, అంటే తన పాత సినిమాలను బాగుచేసి కాపాడుకోవడాన్ని, ఒక్క వాక్యంలో కూడా చెప్పలేదు.

నేను గుంటూరు జిల్లాలో ఒక సినిమా హాల్లో 31 ఏళ్లు ప్రొజెక్టర్ ఆపరేటరుగా పనిచేశాను. కార్బన్ కడ్డీల కాలం నుంచి డిజిటల్ వచ్చి మమ్మల్ని ఇంటికి పంపేదాకా ఆ గదిలోనే ఉన్నాను. వెండర్స్ నాకు తెలిసింది ఆ పని వల్లే. ఎనభైల్లో హైదరాబాద్ వెళ్లినప్పుడు ఒక మిత్రుడు ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనకు లాక్కెళ్లాడు. సినిమా పేరు ‘కింగ్స్ ఆఫ్ ది రోడ్’. దాదాపు మూడు గంటలు, నలుపు తెలుపు, కథ అంటూ పెద్దగా లేదు. 1975లో పదకొండు వారాల పాటు, తూర్పు జర్మనీ సరిహద్దు వెంట ల్యూనెబుర్గ్ నుంచి హోఫ్ దాకా తిరుగుతూ తీశారు. కథానాయకుడు ప్రొజెక్టర్లు బాగుచేసే మెకానిక్. లారీలో ఊరూరా తిరిగి, మూతపడబోతున్న చిన్న హాళ్లలో యంత్రాలకు నూనె పోసి, బిగించి వెళుతుంటాడు. మా జాతివాడు తెర మీద నాయకుడు కావడం అదే మొదటిసారి చూడటం!

అందులో అతను తన తోటి ప్రయాణికుడికి మాల్టీస్ క్రాస్ చూపిస్తాడు. అరచేతిలో పట్టేంత, నాలుగు కోతలున్న ఉక్కు బిళ్ల. మోటారు ఆగకుండా తిరుగుతున్నా, ఫిల్మును సెకనుకు ఇరవై నాలుగు బొమ్మల చొప్పున, ఒక్కొక్కటిగా వెలుగు పడే గేటు ముందుకు లాగి నిలబెట్టేది అదే. అది అరిగితే తెర మీద బొమ్మ వణుకుతుంది, బాల్కనీ నుంచి ఈలలు మొదలవుతాయి. ఈ చిన్న ముక్క లేకపోతే సినిమా పరిశ్రమే లేదని అతను చెబుతుంటే చీకట్లో చప్పట్లు కొట్టింది నేనొక్కడినే. ఆ రోజు వేసిన ప్రింటు నిండా గీతలు, నాలుగైదు చోట్ల అతుకులు. ఈ మధ్య మా మనవడు కంప్యూటర్లో పునరుద్ధరించిన ప్రతి చూపించాడు. లారీ అద్దం మీది దుమ్ము కూడా కనిపిస్తోంది.

ఆ దుమ్ము కనిపించడం వెనక పెద్ద కథ ఉంది.

వెండర్స్ డ్యూసెల్‌డార్ఫ్‌లో శస్త్రవైద్యుడి కొడుకు. వైద్యం చదువుతూ మానేశారు, తత్త్వశాస్త్రం చదువుతూ అదీ మానేశారు, చిత్రకారుడవుదామని 1966లో పారిస్ చేరారు. అక్కడి ఫిల్మ్ స్కూలు చేర్చుకోలేదు. పగలు ఒక చిత్రకారుడి దగ్గర రాగి రేకుల మీద చెక్కే పని, మిగతా సమయమంతా సినిమాథెక్ అనే ఫిల్మ్ ఆర్కైవ్‌లో. రోజుకు నాలుగైదు సినిమాల చొప్పున వెయ్యి దాకా చూశారట. ఆ పాత రీళ్లన్నీ అక్కడ ఉన్నాయంటే హెన్రీ లాంగ్లువా అనే మనిషి వాటిని చెత్తలో పోనీయకుండా పోగుచేశాడు కాబట్టి. తరువాత మ్యూనిక్‌లో కొత్తగా పెట్టిన ఫిల్మ్ స్కూల్లో సీటు దొరికింది కానీ, ఆయన అసలు బడి ఆ ఆర్కైవే. 1977లో ‘ది అమెరికన్ ఫ్రెండ్’ను లాంగ్లువాకే అంకితమిచ్చారు.

ఇంతటి దర్శకుడికి కూడా తన సినిమాలు చేజారిపోయాయి. నిర్మాణ సంస్థ దివాలా తీయడంతో హక్కులు పరాయి చేతుల్లోకి వెళ్లాయి. మన వాళ్ల భాషలో చెప్పాలంటే ‘నెగటివ్ రైట్స్’ పోయాయి. 2012లో భార్య డొనాటాతో కలిసి సొంత ఊళ్లో ఒక లాభాపేక్ష లేని ఫౌండేషన్ పెట్టి, తన సినిమాలను తానే తిరిగి కొనుక్కున్నారు. ఇప్పుడు అవి ఆయనవీ కావు, వారసులవీ కావు, ఫౌండేషన్‌వి. ప్రదర్శనల మీద వచ్చే డబ్బు మళ్లీ రీళ్ల బాగుకే పోతుంది.

ఆ పని ఎంత ఓపికతో కూడినదో ఒక్క ఉదాహరణ చెబుతాను. ‘వింగ్స్ ఆఫ్ డిజైర్’లో దేవదూతల చూపు నలుపు తెలుపు, మనుషుల చూపు రంగులు. ఈ రెండు రకాల ఫిల్మును ఒకే నెగటివ్‌గా కలపడానికి అప్పట్లో నకలు మీద నకలు తీయాల్సి వచ్చింది. హాళ్లకు వెళ్లిన ప్రింటు కెమెరాలో ఎక్కిన అసలు నెగటివ్‌కు ఆరో తరం. ముత్తాత పోలికలు ముని మనవడిలో వెతుక్కున్నట్టే. ఫౌండేషన్ వాళ్లు అసలు నెగటివ్‌లన్నీ బయటికి తీసి, స్కాన్ చేసి, సినిమాను మొదటి నుంచీ మళ్లీ కూర్చారు. 2018 బెర్లిన్ ఉత్సవంలో దాన్ని చూపించారు. ఇక 1972 నాటి గోల్‌కీపర్ కథలో వాడిన పాటలకు హక్కులు లేక ఆ సినిమా దశాబ్దాలు పెట్టెలోనే ఉండిపోయింది. కొన్ని పాటలకు డబ్బు కట్టి, కొన్నిటి బదులు కొత్తవి చేయించి బయటికి తెచ్చారు. ఆయన తీసినవన్నీ గొప్పవని నేను అనను. దాదాపు ఐదు గంటల ‘అంటిల్ ది ఎండ్ ఆఫ్ ది వరల్డ్’లో నేను రెండుసార్లు నిద్రపోయాను. అయినా అది మిగిలింది కాబట్టే నిద్రపోగలిగాను.

ఒక్కడి పట్టుదలతోనే అయ్యే పని కాదిది. జర్మనీలో కేంద్రం, రాష్ట్రాలు, ఫిల్మ్ బోర్డు కలిసి పాత సినిమాల డిజిటలీకరణకు 2019 నుంచి ఏటా కోటి యూరోల దాకా పక్కన పెడుతున్నాయి.

ఇక మన సంగతి. తొలి తెలుగు మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ లేదు. తొలి టాకీ, 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’ లేదు. ఇవి పాతవి, ఇట్టే అంటుకునే నైట్రేట్ ఫిల్ము, పోయాయనుకుందాం. డెబ్బైల, ఎనభైల సినిమాలు ఎక్కడున్నాయి? హాళ్లు డిజిటల్‌కు మారిన రోజుల్లో ఒక పంపిణీదారు గోదాములో ప్రింట్లను కాటా మీద తూచి అమ్మడం కళ్లారా చూశాను. రేకు డబ్బాలకు ఒక ధర, లోపలి ఫిల్ముకు ఇంకో ధర. డబ్బాలదే ఎక్కువ. కొన్ని మూతలు తీస్తే వెనిగర్ వాసన గుప్పున కొట్టింది. అసిటేట్ ఫిల్ము కుళ్లుతున్నప్పుడు వచ్చే వాసన అది. ఒక రీలుకు పట్టుకుంటే పక్కవాటికీ అంటుకుంటుంది. వేడి, తేమ దానికి బలం. మన కోస్తా ఎండల్లో చెప్పేదేముంది?

మనకు పునరుద్ధరణ అంటే రంగులద్దడమే గుర్తొస్తుంది. 2010లో ‘మాయాబజార్’కు రంగులు వేస్తే జనం చూశారు, నేనూ చూశాను. కానీ ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ కష్టపడి పట్టిన ఆ వెన్నెల నలుపు తెలుపుల్లోనే ఉంది. పునరుద్ధరణ అంటే ఆయన తీసిన వెన్నెలను ఆయన తీసినట్టే మళ్లీ తెర మీదికి తేవడం.

అసలేమీ జరగడం లేదని కాదు. మన దేశంలో పాత సినిమాలను కాపాడే ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ అనే సంస్థ 2019లో హైదరాబాద్‌లోనే ఫిల్ముల పరిరక్షణ మీద శిక్షణ ఇచ్చింది. 2024లో అక్కినేని శతజయంతికి ఆయన సినిమాలను 25 నగరాల్లో ప్రదర్శించింది, పుణెలోని జాతీయ ఆర్కైవ్ సహకారంతో. 2025 ఫిబ్రవరిలో వెండర్స్‌ను దేశానికి తీసుకొచ్చిందీ ఈ సంస్థే. ముంబై, పుణె, తిరువనంతపురం, కోల్‌కతా, ఢిల్లీ తిరిగారాయన. హైదరాబాద్ ఆ దారిలో లేదు. పిలవాల్సిన వాళ్లు పిలిచారో లేదో నాకు తెలియదు, కానీ ఏటా అన్ని సినిమాలు తీసే ఊరికి ఇది నామోషీ.

ప్రభుత్వాలకు నా విన్నపం ఇది. తెలంగాణ ప్రభుత్వం 2025 జూన్‌లో గద్దర్ అవార్డులు ఇచ్చింది. ఇకమీదట అవార్డు తీసుకునే ప్రతి నిర్మాతా సినిమా మాస్టర్ ప్రతిని ప్రభుత్వ ఆర్కైవ్‌లో జమ చేయాలని షరతు పెట్టాలి. ఆంధ్రప్రదేశ్ మళ్లీ నంది అవార్డులు ఇస్తే అక్కడా అంతే. అందుకు ముందు ఆర్కైవ్ అంటూ ఉండాలి కదా. రెండు రాష్ట్రాలూ కలిసి ఒక చల్లని గోదాము, నలుగురు తెలిసిన మనుషులు, వారసుల దగ్గరా ల్యాబుల్లోనూ మిగిలిన నెగటివ్‌ల జాబితా, వీటితో మొదలుపెట్టినా చాలు. ‘పర్ఫెక్ట్ డేస్’లో మరుగుదొడ్లు శుభ్రం చేసే మనిషి కూడా తాను తీసిన ఫొటోలను తేదీలు రాసి రేకు డబ్బాల్లో భద్రంగా దాచుకుంటాడు.

ఆ గోదాములో కాటా మీంచి నేను ఒక డబ్బాను అడిగి తెచ్చుకున్నాను. తొమ్మిదో రీలు అని మాత్రం రాసి ఉంది, సినిమా పేరున్న కాగితం ఊడిపోయింది. దీపం ముందు పట్టి చూస్తే తులసికోట, ఒక ముసలమ్మ, ఎడ్లబండి. మొన్నటి వేసవి నుంచి దానికీ వాసన మొదలైంది. పుణెకు పంపమంటే పంపుతాను. మన దగ్గరే తీసుకునేవారు ఉంటే, దయచేసి మీ పత్రిక ద్వారా తెలియజేయండి, బస్సెక్కి నేనే తెచ్చి ఇస్తాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ప్రొజెక్టర్ ఆపరేటర్,
గుంటూరు జిల్లా