మన కంపెనీయే కొర్రీలు పెడితే

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికాలో మన పిల్లలు కారు ప్రమాదంలో దెబ్బతిన్నారంటే పత్రికలన్నీ ఊరు పేరు, చదివిన కాలేజీ, తల్లిదండ్రుల ఫోటో వేస్తాయి. మర్నాటికి విరాళాల లింకు వాట్సాప్‌లో తిరుగుతుంది. ఆ కార్లకి ఇన్సూరెన్స్ ఎంతకి ఉంది అని రాసిన వార్త మాత్రం నేను ఇంతవరకు చదవలేదు. నేను ప్రభుత్వ రంగ బీమా కంపెనీలో 31 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం మోటార్ క్లెయిముల సీట్లోనే. అంటే కొర్రీలు వేసే సీటు.

మన దగ్గర బండి గుద్దితే, థర్డ్ పార్టీ పాలసీ కింద గాయానికైనా మరణానికైనా ట్రిబ్యునల్ ఎంత వేస్తే కంపెనీ అంత కట్టాలి. (ఎప్పటికి కడతారన్నది వేరే కథ.) అమెరికాలో అలా కాదు. గుద్దినవాడు ఎంతకి పాలసీ తీసుకున్నాడో అంతవరకే అతని కంపెనీ బాధ్యత. న్యూజెర్సీలో 2022 దాకా మామూలు పాలసీలో కనీసం 15 వేల డాలర్లు ఉంటే చాలు. 2023లో దాన్ని 25 వేలు చేశారు, 2026 జనవరి నుంచి 35 వేలు. అక్కడ ఒక సర్జరీకే అంత అయిపోతుంది. అందుకని మన పాలసీలోనే ఇంకో కవర్ ఉంటుంది, అండర్ ఇన్సూర్డ్ మోటరిస్ట్ అని. గుద్దినవాడి పాలసీ చాలకపోతే మిగతాది మన కంపెనీ ఇవ్వాలి. వినడానికి ఎంతో బాగుంటుంది.

2023 నవంబర్‌లో న్యూజెర్సీలోని ఎడిసన్‌లో సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న మా అమ్మాయి కారుని వెనకనుంచి ఒక వ్యాను గుద్దింది. కుడి మణికట్టు దగ్గర ఎముక విరిగి పక్కకి జరిగింది. ప్లేటు, ఆరు స్క్రూలు వేశారు. తను పళ్ళ డాక్టర్ దగ్గర అసిస్టెంటు, చేతితోనే పని. మూడు నెలలు జీతం లేదు. ఆసుపత్రి బిల్లులు మా అమ్మాయి వాళ్ళ పాలసీలోనే ఉన్న వేరే కవర్ కింద పెద్దగా ఇబ్బంది లేకుండా కట్టారు, అబద్ధమెందుకు చెప్పాలి. నేను వెళ్ళేసరికి పట్టీ తీసేశారు గానీ మణికట్టు తిరగడం లేదు. మనవరాలికి జడ వేసే పని నా మీద పడింది. మూడు పాయలు సమానంగా రావడానికి నాకు రెండు వారాలు పట్టింది.

వ్యాను వాడి పాలసీ 25 వేలు. మా అల్లుడిది లక్ష. అంటే తేడా 75 వేల దాకా సొంత కంపెనీని అడగొచ్చు. వ్యాను వాడి కంపెనీ తన 25 వేలూ ఇచ్చేస్తానని కాగితాలు పంపింది. మా అల్లుడు సంతోషంగా సంతకం పెట్టబోయాడు. బ్రిడ్జ్‌వాటర్ గుడి క్యాంటీన్‌లో పులిహోర తింటూ ఈ మాట అంటే, పక్కన కూర్చున్న ఒక లాయరు గారు ఆపారు. 1988 నాటి కోర్టు తీర్పు ప్రకారం, అవతలి కంపెనీతో రాజీ పడేముందు మన కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి 30 రోజులు ఆగాలట. చెప్పకుండా సంతకం పెడితే, గుద్దినవాడి దగ్గర డబ్బు రాబట్టుకునే తన హక్కు పోగొట్టారని మన కంపెనీ అసలు క్లెయిమే కాదనొచ్చు. ఇంత ముఖ్యమైన సంగతి ఏజెంటు ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఉత్తరం రాశారు, అనుమతి వచ్చింది, 25 వేలు అందాయి. అసలు కథ అప్పుడు మొదలైంది. పదకొండేళ్ళుగా ఒక్క నెల తప్పకుండా ప్రీమియం కట్టించుకున్న కంపెనీ, మా అమ్మాయిని ముక్కూమొహం తెలియని మనిషిలా చూసింది. మెడికల్ రికార్డులు తెప్పించుకోవడానికి ఒప్పుకుంటూ ఇచ్చే ఫారం మూడుసార్లు అడిగారు. అడ్జస్టర్లు, అంటే క్లెయిము చూసే కంపెనీ ఉద్యోగులు, ముగ్గురు మారారు, కొత్తాయన వచ్చినప్పుడల్లా ఫైలు మొదటి పేజీ నుంచి. 2014లో కాన్పు తర్వాత బొటనవేలు నొప్పి అని డాక్టర్‌కి చెప్పిందట, అది తవ్వి తీసి ‘పాత జబ్బు’ అన్నారు.

అవన్నీ చదువుతుంటే నాకు నా టేబుల్ గుర్తొచ్చింది. మార్చి ఎండింగ్ ముందు చెల్లింపులు తగ్గాలంటే మేమూ ఇదే చేసేవాళ్ళం. ఏదో ఒక కాగితం కావాలని ఉత్తరం కొడితే, ఆలస్యం మాది కాదు, పార్టీది అవుతుంది. ఇవ్వం అని ఎక్కడా రాయం. రాస్తే కోర్టుకి వెళ్తారు. దొంగ సర్టిఫికెట్లు నేనూ చూశాను, తనిఖీ చేయొద్దని నేననను. కానీ ఎక్స్‌రేలో ఆరు స్క్రూలు కనిపిస్తున్న చేతికి మూడోసారి ఫారం అడిగితే దాన్ని తనిఖీ అనరు.

తర్వాత తమ డాక్టర్‌కి చూపించాలన్నారు. నేను తోడు వెళ్ళి బయట కూర్చున్నాను. 10:40కి లోపలికి వెళ్ళింది, 10:52కి బయటికొచ్చింది. అందులో కోటు విప్పడం, తొడుక్కోవడం కూడా ఉన్నాయి. ఆ పన్నెండు నిమిషాలకి తొమ్మిది పేజీల రిపోర్టు రాసి, చెయ్యి మామూలుగానే ఉందని తేల్చాడు. ఆ రిపోర్టు పట్టుకుని కంపెనీ 11 వేలు ఇస్తామంది. ఎలా లెక్కేశారని రెండు ఉత్తరాలు రాస్తే జవాబు లేదు.

న్యూజెర్సీలో 2022 జనవరి 18న ఒక చట్టం వచ్చింది. ఈ రకం క్లెయిముని సరైన కారణం లేకుండా కాదన్నా, నాన్చినా సొంత కంపెనీ మీదే దావా వేయొచ్చు. వడ్డీ, లాయరు ఫీజు, కవర్‌కి మూడింతల దాకా నష్టపరిహారం వచ్చే వీలుంది. అంతకుముందు అక్కడి కోర్టుల్లో, వాదించడానికి ఏదో కాస్త ఆధారముందని చూపిస్తే కంపెనీ బయటపడేది. లాయరు గారు ఆ చట్టం ప్రస్తావిస్తూ, ఏ తేదీన ఏం అడిగారు, మేం ఎప్పుడు ఇచ్చాం అని నాలుగు పేజీల పట్టిక పంపారు. ఆ పట్టిక తయారుచేసింది నేనే, గర్వంగానే చెప్తున్నాను. మూడు నెలల్లో 11 వేలు 62 వేలయ్యాయి. చెయ్యి అదే, ఎక్స్‌రే అదే. ప్రమాదం జరిగిన 22 నెలలకి చెక్కు వచ్చింది, అందులో మూడో వంతు లాయరు ఫీజు.

అన్ని రాష్ట్రాల్లో ఇలాంటి చట్టం లేదు. మన పిల్లలు ఎక్కువగా ఉండే టెక్సాస్‌లో, గుద్దినవాడి తప్పు, నష్టం ఎంతన్నది తీర్పులో తేలేదాకా సొంత కంపెనీ ఈ కవర్ కింద కట్టాల్సిన బాధ్యత మొదలుకాదని అక్కడి సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. అంటే వాయిదా వేయడానికి కంపెనీ చేతికి కోర్టే సాకు ఇచ్చిందని నా అభిప్రాయం.

పిల్లల్ని పంపిన తల్లిదండ్రులకి ఒక మాట. పాలసీ మొదట్లో ఏ కవర్ ఎంతకి ఉందో చూపించే డిక్లరేషన్ పేజీ ఉంటుంది. ఫోటో తీసి పంపమనండి. అందులో అండర్ ఇన్సూర్డ్ అన్న లైను పక్కన అంకె ఎంతుందో చూడండి. ఈ గొడవంతా అయ్యాక, డాలస్‌లో ఉన్న మా అబ్బాయిని నేనూ అడిగాను. వాడి పేజీలో ఆ లైనే లేదు. టెక్సాస్‌లో ఆ కవర్ వద్దనుకుంటే రాతపూర్వకంగా వద్దనాలి. నువ్వెప్పుడు వద్దన్నావురా అంటే, ‘ఆన్‌లైన్‌లో ఏవో బాక్సులుంటే టిక్కు పెట్టాను నాన్నా, నెలకి కొంచెం తగ్గింది’ అన్నాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత బీమా ఉద్యోగి,
తెనాలి