బాత్రూంలో గ్యాస్ గీజర్ క్షేమం కాదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ జిల్లా సంచికలో చలికాలపు జాగ్రత్తల మీద వచ్చిన కథనం చదివాను. కరెంటు గీజర్‌కు ఎర్తింగ్ ఉండాలని, హీటర్ రాడ్ పెట్టిన బకెట్‌లో చేయి పెట్టరాదని రాసినంతవరకు బాగానే ఉంది. కానీ చివరన, షాక్ భయం ఉన్నవారు గ్యాస్ గీజర్ పెట్టించుకుంటే ఖర్చూ తక్కువ, ప్రమాదమూ ఉండదని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఆ మాట నమ్మి ఎవరైనా ప్లంబర్‌ను పిలిచి బాత్రూంలోనే గీజర్ బిగించుకుంటే దానికి బాధ్యత ఎవరిది? వారం గడిచినా సవరణ రాకపోవడంతో ఈ ఉత్తరం రాయవలసి వచ్చింది.

గ్యాస్ గీజర్ అంటే గోడకు వేలాడే పొయ్యి. మంట రేకు పెట్టె లోపల ఉంటుంది గానీ, వంటగది బర్నర్ కన్నా ఎన్నో రెట్లు గ్యాసును మండిస్తుంది, అంతకు తగ్గ గాలినీ లాక్కుంటుంది. ఐదడుగుల వెడల్పైనా లేని గదిలో తలుపు గడియ పెట్టుకుని స్నానం చేస్తుంటే ఆ గాలి ఎక్కడి నుంచి వస్తుంది? ఆక్సిజన్ చాలనప్పుడు గ్యాసు పూర్తిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి మొదట తలనొప్పి, కళ్లు తిరగడం, కడుపులో తిప్పడం, ఆ తర్వాత గడియ తీసే శక్తి కూడా లేకుండా కూలబడటం జరుగుతాయి. గ్యాసైతే వాసన వస్తుంది కదా అని చాలామంది ధైర్యంగా ఉంటారు. లీకైతే తెలియడానికి సిలిండర్ గ్యాసులో కలిపే మెర్కాప్టాన్ అనే ఘాటు వాసన పదార్థం మంటలోనే కాలిపోతుంది. మిగిలిన విషవాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. పడిపోయిన మనిషికి మూర్ఛ వచ్చిందనో, గుండెపోటనో ఇంట్లోవాళ్లు అనుకుంటారు. కరోనా కాలంలో కొన్న ఆక్సీమీటరు వేలికి పెడితే అంకె మామూలుగానే చూపించి మరింత మోసం చేస్తుంది. మన దేశపు వైద్యులు దీనికి గ్యాస్ గీజర్ సిండ్రోమ్ అని పేరు పెట్టి వైద్య పత్రికల్లో రాసిన సంగతి మీ విలేఖరి కాస్త వెతికినా దొరికేది.

యూనివర్సిటీ, నిట్, మెడికల్ కాలేజీ, లెక్కలేనన్ని కోచింగ్ సెంటర్లు ఉన్న మన ట్రైసిటీలో (వరంగల్, హనుమకొండ, కాజీపేట) ఏ గల్లీకి వెళ్లినా టులెట్ బోర్డే. మా అక్క కూతురికి కిరాయి గది కోసం కిషన్‌పుర వైపు తిరిగినప్పుడు చూసిన ఒక బాత్రూం నన్ను ఇప్పటికీ కలవరపెడుతోంది. నల్లా పైనే గీజర్ బిగించారు, పొగ బయటకు పోయే గొట్టం లేదు. దోమలు రాకుండా వెంటిలేటర్‌కు థర్మకోల్ ముక్క కోసి పెట్టి చుట్టూ టేపు అంటించారు. గీజర్ పైన తెల్ల టైల్ మీద అరచేతి వెడల్పున మసి పట్టి ఉంది. మసి పట్టిందంటే మంట నీలంగా కాక పసుపుగా మండుతోందని, గ్యాసు సరిగా కాలడం లేదని అర్థం. వంటగది ట్యూబుకే మధ్యలో టీ జాయింటు వేసి, గోడకు చిల్లు పొడిచి గ్యాసు ఇచ్చారు. కరెంటు బిల్లు కలిసొస్తుందని ఓనరు గారు అదంతా సంతోషంగా చూపించారు. ఆయనకు తెలియదు, చెప్పినవారూ లేరు.

చెప్పవలసిన వారు ఏం చేస్తున్నారు? ఇంటి అనుమతులు ఆన్‌లైన్ అయ్యాయి, 2020 నుంచి దరఖాస్తుదారుడి సొంత ధ్రువీకరణే చాలా ఇళ్లకు సరిపోతోంది. ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా (సెట్‌బ్యాక్) కొలిచే అధికారులకు బాత్రూంలో గాలి ఆడుతుందా లేదా అన్నది పట్టదు. గ్యాస్ ఏజెన్సీలు ఐదేళ్లకోసారి చేయవలసిన తప్పనిసరి తనిఖీ మా వీధిలో పుస్తకం మీద సంతకంతోనే ముగుస్తోంది; మెకానిక్ వంటగది గడప దాటి గీజర్ వైపు చూసిన పాపాన పోలేదు. ఎక్కడ బిగిస్తారని అడిగి గీజర్ అమ్మే దుకాణం నాకు కనిపించలేదు. వేలకు వేలు కిరాయి తీసుకునే హాస్టళ్లలోనూ ఇదే నిర్లక్ష్యం కనిపిస్తోంది. పన్నులు, ఫీజుల నోటీసులు మాత్రం అందరికీ వేళకు అందుతున్నాయి.

గ్యాస్ గీజర్ వాడేవారు దాన్ని బాత్రూం బయట, గాలి ధారాళంగా ఆడే బాల్కనీలోనో సజ్జ కిందో బిగించి, వేడి నీళ్ల పైపు ఒక్కటే లోపలికి తీసుకోవాలి. అంతవరకు, తలుపు తెరిచి ఉంచి బకెట్ నింపుకుని, గీజర్ ఆపి, గది గాలి మారాకే స్నానానికి వెళ్లాలి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది కదా అనుకోవద్దు. గాలి లోపలికి వచ్చే దారి లేని గదిలో అది పొగను గొట్టం నుంచి వెనక్కి లాగే ప్రమాదం ఉంది. ఎవరైనా పడిపోతే ముందు తలుపు తెరిచి, గ్యాసు ఆపి, మనిషిని ఆరుబయటకు తేవాలి. 108కి ఫోన్ చేసి, ఆసుపత్రిలో గ్యాస్ గీజర్ సంగతి తప్పక చెప్పాలి. ఆక్సిజన్ వెంటనే పెట్టడం ఆ మాట మీదే ఆధారపడి ఉంటుంది. గ్యాసు వాసన వస్తే పిలవవలసిన నంబరు 1906.

ఈ ఆదివారమే, అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో సవరణ వేయాలని కోరుతున్నాను. సంక్రాంతి సెలవులకు హాస్టళ్లు ఖాళీ అవుతాయి కాబట్టి, పిల్లలు తిరిగి వచ్చేలోపు ప్రతి హాస్టల్ బాత్రూంనూ తనిఖీ చేయించి, లోపల ఉన్న గీజర్లను బయటికి మార్పించాలని జిల్లా కలెక్టర్ గారిని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను.

— ఒక పాఠకురాలు, నయీంనగర్, హనుమకొండ