ఆ విత్తనం కొనే ముందు పగలెంతో చూడండి

ఎడిటర్ గారికి,

పోయిన వారం మా ఊరికి బైకు మీద ఒకాయన వచ్చి, రచ్చబండ దగ్గర కూర్చొని ఫోన్లో వీడియో చూపించాడు. రెండాళ్ల ఎత్తు పైరు, మిషన్‌తో కోస్తున్నారు. ‘పారిశ్రామిక జనపనార అన్నా, మత్తుండదు, గింజకూ నారకూ రెండిటికీ పనికొస్తుంది’ అని కవరు విప్పి నా అరచేతిలో కాసిన్ని గింజలు పోశాడు. దాదాపు జొన్నంత ఉన్నాయి, బూడిద రంగు మీద సన్నటి చారలు.

ముందు పేరు సంగతి. వరి నాటే ముందు మనం చల్లి కలియదున్నేది జనుము, గోనె సంచులకు వాడే జనపనార వేరు, గోగునార ఇంకోటి. ఆయన తెచ్చింది ఇవేవీ కాదు, గంజాయి జాతి మొక్కే, కాకపోతే మత్తునిచ్చే టీహెచ్‌సీ బాగా తక్కువుండే రకం. పత్రికలవాళ్లు కూడా దీన్ని జనపనార అనే రాస్తుంటారు. మీరైనా ‘పారిశ్రామిక గంజాయి’ అని రాయండి, భయపడేవాళ్లు భయపడనీ.

రకం పేరడిగితే ఫ్యూచురా 75, ఫ్రాన్స్‌ది అన్నాడు. మంచి రకమే, అక్కడికి. ఈ మొక్క పగలు తగ్గి రాత్రి పెరిగితే పూతకొస్తుంది. ఫ్రాన్స్‌లో జూన్‌లో పగలు 15, 16 గంటలుంటుంది కాబట్టి అక్కడ నిదానంగా ఎదిగి ఆ తర్వాత పూస్తుంది. తిరుపతిలో ఏడాదిలో అన్నిటికన్నా పెద్ద పగలు కూడా 13 గంటలు దాటదు. ఇక్కడ వేస్తే ఎదగకముందే పూసేస్తుంది, ఇక నార తీయడానికి కాండం ఏదీ? ఫిన్లాండ్ వాళ్ల ఫినోలా పగటితో పెద్దగా పని లేకుండా పూస్తుంది గానీ అది పొట్టి రకం, గింజకే. చైనాలో యునాన్ వైపు తయారైన యున్మా రకాలు కాస్త దక్షిణానివి, పరీక్షిస్తే అలాంటివి పరీక్షించాలి.

ఇక రెండిటికీ పనికొస్తుందనే మాట. మా తాత జనుము ఒత్తుగా చల్లి, గింజ ముదరకముందే కోసి, చెరువులో నానేసి, నార ఒలిచి పగ్గాలు పేనేవాడు. ఇదీ అంతే. నారకైతే హెక్టారుకు 50, 60 కిలోలు ఒత్తుగా వేసి పూత టైముకే కోయాలి, గింజకైతే అందులో సగం విత్తనంతో పలచగా వేసి గింజ పండేదాకా ఆగాలి, అప్పటికి నార ముతకబారుతుంది. రెండూ ఇచ్చే రకాలు లేకపోలేదు, కానీ రెండిట్లోనూ కొంత వదులుకోవాల్సిందే. చెనక్కాయ వేసేటప్పుడు నూనెకా, తినడానికా, పశువుల మేతకు కట్టెకా అని పది మందిని అడిగే మనం దీనికి మాత్రం వీడియో చూసి తలూపితే ఎట్లా?

ఈ గింజల్ని ఆహారంగా అమ్ముకోవచ్చని ఆహార భద్రతా సంస్థ 2021లో ఒప్పుకున్న మాట నిజమే. పండించడం వేరే కథ. మత్తుమందుల మీద 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం నారకో గింజకో సాగు చేయాలన్నా ప్రభుత్వ అనుమతి కావాల్సిందే, లేకుండా వేస్తే పదేళ్ల దాకా జైలు. ఉత్తరాఖండ్ 2018 నుంచి లైసెన్సులిస్తోంది, అక్కడ కూడా టీహెచ్‌సీ 0.3 శాతం దాటకూడదు. ఒకచోట ఈ 0.3 శాతం లోపే ఉన్న రకం ఇంకోచోట దాటొచ్చు, పైగా దీని పుప్పొడి గాలికి కిలోమీటర్లు పోతుంది, చుట్టుపక్కల దొంగ గంజాయి ఉంటే ఆ పుప్పొడి సోకి మనం దాచుకున్న విత్తనంలో మత్తు ఎంత పెరుగుతుందో చెప్పక్కర్లేదు. అందుకే ప్రభుత్వం అనుమతిచ్చి తిరుపతి వ్యవసాయ పరిశోధనా స్థానంలో నాలుగు రకాలు, నాలుగు తేదీల్లో వేయించి చూపిస్తే బాగుంటుంది. అప్పటిదాకా ఎవరూ కవర్లు కొనొద్దు.

లైసెన్సు కాగితం చూపించమంటే ఆయన నా చేతిలో గింజలు మళ్లీ కవర్లో పోసుకొని బైకెక్కాడు. మా బావమరిది నంబరు మాత్రం రాసుకుపోయాడు.

– ఒక చెనక్కాయ రైతు, చంద్రగిరి మండలం, తిరుపతి జిల్లా